టర్కీ పిల్లలకు మొదటి వారం మేత నేర్పే పద్ధతి

ఆనందపురం, పెందుర్తి వైపు పెరట్లో నాలుగైదు టర్కీ కోళ్లను పెంచాలనుకునేవారు ముందుగా ఒక సంగతి గమనించాలి. నాటుకోడి పిల్ల తల్లి వెంట తిరుగుతూ తొందరగానే గింజ పొడుచుకోవడం నేర్చుకుంటుంది గాని, కొని తెచ్చిన టర్కీ పిల్లకు మేతనూ నీటినీ మనమే చూపించాలి. పళ్లెం ఎదురుగానే ఉన్నా తినడం తెలియక మొదటి వారంలోనే చనిపోయే పిల్లలుంటాయి. అందువల్ల తెచ్చిన వెంటనే ఒక్కొక్క పిల్ల ముక్కును నీటిలో మెల్లగా తాకించి వదలాలి. లోతు తక్కువగా ఉన్న పళ్లెంలో రంగురంగుల గోలీలు వేస్తే, ఆ మెరుపును పొడవబోయి అవి తాగడం నేర్చుకుంటాయి, నీటిలో మునిగే ప్రమాదమూ తగ్గుతుంది. ఆకుపచ్చ రంగు వాటిని బాగా ఆకర్షిస్తుంది కనుక మేతపై సన్నగా తరిగిన తోటకూరను, చిదిమిన ఉడికించిన గుడ్డును చల్లడం మా ఇంట్లో ఎప్పుడూ మానలేదు.

మొదటి వారం బల్బు కింద వేడి సుమారు 35 డిగ్రీలు ఉండాలి. తరువాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించవచ్చు. విశాఖ ఉక్కపోతను చూసి బల్బు అక్కర్లేదనుకోవడం పొరపాటు, ఎందుకంటే అక్టోబరు తుఫాను గాలికి చలివేసిన పిల్లలు ఒకే మూలకు చేరి, ఒకదానిపై ఒకటి ఎక్కి ఊపిరాడక చనిపోతాయి. అట్టను గుండ్రంగా చుట్టి కంచెగా పెడితే ఆ మూలలే ఉండవు.

నాటుకోళ్లు తిరిగిన నేలపై మాత్రం టర్కీలను వదలకూడదు. కోళ్ల పేగుల్లోని పురుగుల గుడ్లు ఆ మట్టిలో ఏళ్ల తరబడి నిలిచి, టర్కీల కాలేయాన్ని దెబ్బతీసే బ్లాక్‌హెడ్ రోగాన్ని అంటిస్తాయి. రెట్ట గంధకంలా పసుపుపచ్చగా కనిపిస్తే ఆ రోజే పశువైద్యుణ్ణి సంప్రదించాలి.