పెద్దవారి కోసం హోమ్ కేర్ ఏజెన్సీని మాట్లాడుకునే ముందు

డిశ్చార్జి కాగితం చేతికి వచ్చిన సాయంత్రమే మనలో చాలామందిమి హోమ్ కేర్ ఏజెన్సీ కోసం వెతకడం మొదలుపెడతాము. మందుల దుకాణం గోడకు అంటించి ఉన్న నంబరుకు ఫోన్ చేసి, నెలకు ఎంత అవుతుందో అడిగి, అడ్వాన్సు పంపి, మరునాడు పొద్దున దిగిన మనిషికి అమ్మనో నాయననో అప్పజెప్పి, సెలవు అయిపోయిందని బస్సెక్కుతాము. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు పిల్లలు హైదరాబాద్‌లోనో, పుణెలోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో స్థిరపడి, పెద్దవాళ్లు మాత్రం ఇల్లు విడిచి రాలేక ఊళ్లోనే ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఈ తొందరకు ఎవరినీ తప్పు పట్టలేము. అయితే ఆ ఒక్క సాయంత్రపు ఎంపికను నెలల తరబడి భరించవలసింది మంచంలో ఉన్న మనిషి. అందుచేత ఇంట్లో నడవలేని స్థితికి దగ్గరపడుతున్న పెద్దవారు ఉంటే, శివరాత్రికి చలి పోయేలోపే ఈ ఏర్పాటు మాట్లాడి పెట్టుకోవాలని నా విన్నపం. ఏప్రిల్, మే నెలల్లో ఎండలూ పెళ్లిళ్లూ కలిసి వస్తాయి. మనకు మనిషి తోడు మరీ అవసరమయ్యేదీ, అడిగినా మనుషులు దొరకనిదీ ఆ రెండు నెలల్లోనే.

ఏజెన్సీతో మొదట మాట్లాడవలసినది డబ్బు గురించి కాదు, మనిషి రాని రోజు గురించి. మన జిల్లాలకు మనుషులను పంపే ఏజెన్సీలలో చాలావరకు హైదరాబాద్‌లో ఉంటాయి, లేదా ఇక్కడ ఒకరు ఫోన్ పెట్టుకుని అక్కడి నుంచే పిలిపిస్తుంటారు. నల్లగొండకైనా మహబూబ్‌నగర్‌కైనా హైదరాబాద్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు. అక్కడి నుంచి మన పల్లెకు మళ్లీ ఆటో. కాబట్టి పొద్దున ఆరింటికి కేర్‌టేకర్ ఊరికి వెళ్లిపోయినట్టు తెలిస్తే, కొత్త మనిషి వచ్చేసరికి ఎంత లేదన్నా సాయంత్రమవుతుంది, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు డైపర్ ఎవరు మారుస్తారు, మాత్రలు ఎవరు వేస్తారు అన్నది ముందే తేలాలి. "రీప్లేస్‌మెంట్ ఇస్తాము" అన్న మాటతో తృప్తిపడకుండా, ఎన్ని గంటలలో ఇస్తారు, ఆ బదులు మనిషి ఇప్పుడు ఎక్కడ ఉన్నారు, ఆ మధ్య రోజులకు డబ్బు తగ్గిస్తారా అని అడిగి, జవాబును కాగితం మీద రాయించుకోండి. బతుకమ్మ, దసరా, సంక్రాంతి రోజులకూ, చెర్వుగట్టు, కురుమూర్తి జాతరల సమయానికీ ఇదే ప్రశ్న విడిగా అడగాలి. ఏజెన్సీ ఎంత మంచిదైనా సరే, ఊళ్లో నమ్మకమైన ఒకరిని రెండు రోజులు పక్కన ఉంచి, పని చూపించి, ఇంటి తాళంచెవి ఒకటి వారి దగ్గర ఉంచడం నా లెక్కలో తప్పనిసరి.

ఆ ఏజెన్సీ మనుషులను ఆరు నెలలకు పైగా పెట్టుకున్న రెండు కుటుంబాల నంబర్లు అడిగి మాట్లాడండి. సేవ బాగుందా అని అడిగితే మొహమాటానికి బాగుందనే చెబుతారు. ఆ ఆరు నెలల్లో ఎంతమంది మారారు అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. మనం కట్టే డబ్బులో కేర్‌టేకర్ చేతికి ఎంత వెళుతుందో, ఏ తారీఖున వెళుతుందో కూడా తెలుసుకోండి. జీతం ఆలస్యమయ్యే చోట మనుషులు నిలవరు, వారిని తప్పుపట్టడానికీ లేదు.

ఇక పని తెలిసిన మనిషా కాదా అన్నది. ఏజెన్సీలు అటెండర్‌నూ, ఆయమ్మనూ, నర్సునూ ఒకే గొంతుతో "సిస్టర్" అనేస్తుంటాయి. స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం, తోడుండి నడిపించడం అటెండర్ పని. ఇంజెక్షన్లు, ముక్కు గొట్టం వేయడం, మూత్రం గొట్టం మార్చడం, పెద్ద పుండ్లకు కట్టు కట్టడం నర్సు పని. నర్సుకు జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సింగ్ చదువుతో పాటు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ పత్రం అసలు ప్రతిని చూడాలి. మనకు ఏది అవసరమో డిశ్చార్జి చేసే డాక్టరునే అడిగి రాయించుకుంటే, అక్కరలేని చోట నర్సు ఖర్చు పడదు, అక్కర ఉన్న చోట అటెండర్‌తో సరిపెట్టే ప్రమాదమూ ఉండదు.

పని వచ్చా అని అడిగితే అందరూ వచ్చనే అంటారు కాబట్టి, అడగడం మాని చేయించి చూడండి. షుగర్ ఉన్నవారింట్లో నేను చెప్పే పరీక్ష ఒకటుంది. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజీ వాడాలి. 100 యూనిట్ల దానికి నారింజ రంగు మూత సిరంజీ. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజీతో అదే గీత దాకా తీస్తే, వేయవలసిన దానికి రెండున్నర రెట్లు ఒంట్లోకి పోయి, షుగర్ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. సీసాను, రెండు రకాల సిరంజీలను బల్ల మీద పెట్టి, దీనికి ఏది అని అడగండి. సీసా మీది అంకె చదివి చెప్పినవారికి పని వచ్చినట్టే, చదవకుండా చేయి చాచినవారికి రానట్టే.

మంచం నుంచి లేపడం మరో పరీక్ష, మన నల్లగొండ వాళ్లకు ఇది మరీ ముఖ్యం. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల్లో దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ బావినీళ్లు, బోరునీళ్లు తాగిన తరం ఇప్పుడు ముసలితనంలో ఉన్నది. కృష్ణా నీళ్లు ఇంటికి వచ్చాయి కానీ, అప్పటికే వంగిపోయిన కీళ్లు, బిగిసిపోయిన వెన్ను తిరిగి రాలేదు. ఇటువంటి ఎముక చూడటానికి దిట్టంగా ఉన్నా పెళుసుగా ఉంటుంది. బలవంతంగా వంచితే విరగవచ్చు, వెన్నులోని నరాలు నలిగిపోవచ్చు. మా నాయనది ఆ ప్రాంతమే. మొదట వచ్చిన అబ్బాయి అందరినీ లేపినట్టే రెండు చేతులు పట్టి ముందుకు గుంజాడు. నాయన పెట్టిన కేక నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది, మూడు వారాల పాటు ఆ భుజం కదల్చలేకపోయాడు. అబ్బాయిది తప్పనలేను, ఇటువంటి వెన్ను ఒకటి ఉంటుందని ఆ ఏజెన్సీ అతనికి చెప్పనే లేదు. రెండోసారి వచ్చిన నడివయసాయన ముందు మంచం పక్కన కూర్చుని, "పెద్దాయనా, ఏ దిక్కు మర్లితే నొయ్యదు నీకు?" అని అడిగాడు. తరువాత ఒక అరచెయ్యి భుజం కింద, ఒకటి తుంటి కింద పెట్టి, తలా నడుమూ కాళ్లూ విడిపోకుండా ఒంటినంతా ఒక్కటిగా పక్కకు దొర్లించి, కాళ్లు మంచం దిగనిచ్చి, నాయన తన మోచేతి మీద తానే లేచేదాకా వీపుకు చెయ్యి అడ్డం పెట్టి ఆగాడు. ఎంపిక చేసే రోజున మీరు అక్కడే నిలబడి, మంచం నుంచి కుర్చీకి ఒకసారి మార్పించి చూడండి.

మంచం పట్టినవారిని రెండు గంటలకొకసారి పక్క మార్చాలని అందరూ చెబుతారు, రాత్రిపూట ఎవరు లేస్తారన్నది మాత్రం ఎవరూ చెప్పరు. 24 గంటల మనిషి అన్నప్పుడు ఒకే మనిషి పగలూ రాత్రీ మేలుకొని ఉండటం సాధ్యం కాదు. రాత్రి ఎన్నిసార్లు లేవాలి, పగలు ఎన్ని గంటలు నిద్రపోవచ్చు అన్నది ముందే ఒప్పుకోవాలి. పడుకోవడానికి వేరే చోటు, ఫ్యాను, వేళకు తిండి మనం చూడాలి. మడమలు, తుంటి, నడుము కింది భాగం రోజూ స్నానం వేళ తడిమి చూడమనండి. చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియదు కాబట్టి, వేడిగానో గట్టిగానో తగిలిన చోటును పుండు మొదలైనట్టే అనుకోవాలి. గొట్టంతో ఆహారం పోసేటప్పుడూ, పోసిన తరువాత కనీసం అరగంటా తల ఎత్తులో ఉండాలన్నది కేర్‌టేకర్ నోటి నుంచే రావాలి.

భాష విషయం చాలామంది పట్టించుకోరు. ఇప్పుడు వచ్చే కేర్‌టేకర్లలో ఒడిశా నుంచో, జార్ఖండ్ నుంచో వచ్చి కష్టపడి పనిచేసేవారు ఉన్నారు, వారి ఓపిక గొప్పది. కానీ మా అత్తమ్మ "దమ్మొస్తున్నది" అన్నదంటే ఊపిరి అందడం లేదని అర్థం, గుండె జబ్బు ఉన్న మనిషికి అది ఆస్పత్రికి బయలుదేరవలసిన మాట. "కాళ్లు గుంజుతున్నయి", "కండ్లు తిరుగుతున్నయి" అన్నవీ వచ్చిన మనిషికి అర్థం కావలసిన మాటలే. మతిమరుపు జబ్బు ఉన్నవారు కొత్త భాషకు అసలే అలవాటు పడలేరు. తెలుగు వచ్చిన మనిషి దొరకకపోతే, మీ ఇంటి పెద్దవారు వాడే ఇటువంటి మాటలు పది, వాటికి ఏం చేయాలో వారికి అర్థమయ్యే లిపిలో పక్కన రాసి, మంచం దగ్గర గోడకు అంటించండి.

ఎండాకాలానికి ప్రత్యేకంగా మూడు సంగతులు చెప్పాలి. ఒంట్లోని నీరు మూత్రంగా పోయే మాత్రలు వేసుకునేవారికి ఎండల్లో మోతాదు మార్చాలా అని మార్చి నెలలోనే డాక్టరును అడగాలి. కరెంటు పోయినప్పుడు ఇన్సులిన్ ఎక్కడ పెట్టాలో కేర్‌టేకర్‌కు చూపించాలి. తడి ఇసుకలో నిలిపిన మట్టికుండ, అందులోకి నీరు దిగకుండా మూత గట్టిగా ఉన్న డబ్బా చాలు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వడదెబ్బ అనుకుని, తడిగుడ్డలతో తుడుస్తూనే 108కి ఫోన్ చేయాలని, మనకు ఫోన్ చేయడం ఆ తరువాతేనని స్పష్టంగా చెప్పాలి.

ఆధార్ ప్రతి, ఫోటో, సొంత ఊరి చిరునామా తీసుకుని స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. ఏజెన్సీ వెరిఫికేషన్ చేయించామంటే ఆ కాగితం చూపమనండి. బంగారం, ఏటీఎం కార్డు, పట్టాదారు పాసుపుస్తకం ఆ ఇంట్లో ఉంచకపోవడం ఇద్దరికీ క్షేమం, ఎందుకంటే ఏదైనా కనబడకపోతే మొదటి అనుమానం ఏమీ ఎరుగని కేర్‌టేకర్ మీదికే పోతుంది. వేలిముద్రతో ఖాతా నుంచి డబ్బు తీసే వీలుంది కాబట్టి ఆధార్ బయోమెట్రిక్‌ను ఆధార్ అధికారిక యాప్‌లో లాక్ చేసి, పింఛను వంటి అవసరానికి మాత్రమే తీయండి. రోజు ఖర్చుకు కొద్ది మొత్తం ఇచ్చి పుస్తకంలో రాయించండి.

ఒప్పందంలో పనుల జాబితా, సెలవులు, అడ్వాన్సు తిరిగి ఇచ్చే షరతు ఉండాలి. మాట తప్పితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అక్కడ నిలిచేది రసీదు, కాబట్టి చేతికి నగదు ఇవ్వవద్దు.

వీటన్నిటికంటే ముందు పెద్దవారిని అడగాలి. స్నానం చేయించేది ఆడమనిషా మగమనిషా, వంటగదిలోకి ఎవరు వెళ్లాలి అన్న పట్టింపులు మన ఇళ్లలో ఉన్నాయి. వచ్చే మనిషిని కులం అడిగి అవమానించకుండా, మన పెద్దవారికి మనమే ముందుగా నచ్చజెప్పుకోవాలి. అప్పుడే వచ్చిన మనిషి గౌరవంగా పనిచేయగలుగుతారు.

మొదటి వారం మీరు ఇంట్లోనే ఉండండి, ఆ తరువాత చెప్పిన వేళకు కాకుండా వేర్వేరు వేళల్లో వీడియో కాల్ చేయండి. నిద్రమాత్రల పట్టీ లెక్కపెట్టించండి. కేర్‌టేకర్ గదిలో ఉన్నంతసేపు అమ్మ మాట్లాడకుండా ఉండి, బయటికి వెళ్లగానే ఏదో చెప్పబోవడం, చేతి మీద కొత్త కమిలిన మచ్చ, పగలంతా మగత, నెలలో బట్టలు వదులవడం కనిపిస్తే వయసు ప్రభావమని సర్దిచెప్పుకోవద్దు. పక్కింటివారిని పంపి చూపించండి. ప్రమాదం అనిపిస్తే 112, సలహాకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉన్నాయి. మనిషిని మార్చమని ఏజెన్సీకి చెప్పి నెలాఖరు దాకా ఎదురుచూడకుండా, ఆ రోజే బయలుదేరి ఇంటికి వెళ్లండి.