గేమ్ మధ్యలో కంప్యూటర్ ఆగిపోతుంటే కారణం ఎలా పట్టుకోవాలి?

బ్రౌజర్ బాగానే నడుస్తుంది. సినిమా పెడితే గంటల తరబడి ఆడుతుంది. గ్రాఫిక్స్ ఎక్కువున్న గేమ్ తెరిస్తే మాత్రం పావుగంట తిరక్కుండానే స్క్రీన్ నల్లబడుతుంది, లేదా మెషీన్ మొత్తం రీస్టార్ట్ అయిపోతుంది. ఇలాంటప్పుడు అందరూ ఇచ్చే మొదటి సలహా ‘విండోస్ మళ్లీ వేసెయ్’ అని. దయచేసి ఆ పని చేయకండి. చాలా ఏళ్లుగా ఇలాంటి మెషీన్లు బాగుచేస్తున్నాను. ఫార్మాట్ కొట్టి, సేవ్ ఫైళ్లు పోగొట్టుకుని, రోజంతా గేములు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకుని, చివరికి అదే క్రాష్‌తో నా దగ్గరికి వచ్చినవాళ్లే ఎక్కువ. లోడు పడినప్పుడే ఆగిపోతోందంటే ముందు అనుమానించాల్సింది హార్డ్‌వేర్‌ని. అందులోనూ గ్రాఫిక్స్ కార్డుకు కరెంటు వెళ్లే దారిని.

1. ఎలా ఆగిందో చూడండి

సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఇంట్లో కరెంటు పోయినట్టు ఒక్క దెబ్బకు మొత్తం ఆరిపోతే అనుమానం పవర్ సప్లై మీదకు పోవాలి. ఆరిపోయాక వెనక ఉన్న స్విచ్ ఆపి మళ్లీ వేస్తే తప్ప మెషీన్ లేవకపోతే, పవర్ సప్లై తనను తాను కాపాడుకోవడానికి ట్రిప్ అయిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. స్క్రీన్ నల్లబడి, కార్డు ఫ్యాన్లు హోరెత్తుతూ, హెడ్‌ఫోన్‌లో మాటలు మాత్రం ఇంకా వినిపిస్తుంటే కార్డు ఒక్కటే పడిపోయింది. గేమ్ మాత్రమే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తే డ్రైవర్, ఓవర్‌క్లాక్ (చిప్‌ను మామూలు స్పీడు కన్నా పెంచి నడపడం), ర్యామ్, ప్రాసెసర్ వరుసలో వెతకాలి.

తర్వాత విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో ఆ నిమిషం దగ్గర ఏముందో చూడండి. ‘కెర్నల్-పవర్ 41’ కనబడగానే చాలామంది పవర్ సప్లై పోయిందని తేల్చేస్తారు. ఆ ఎంట్రీ చెప్పేది ఒక్కటే: విండోస్ సరిగా షట్‌డౌన్ కాకుండా మళ్లీ మొదలైంది. ఎందుకో చెప్పదు. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (విండోస్ క్రాష్‌కు పెట్టే నంబరు) 0 అని ఉంటే, విండోస్‌కి ఏమీ రాసుకునే వ్యవధి కూడా దొరకలేదన్నమాట. ‘డిస్‌ప్లే 4101’ ఉంటే డ్రైవర్ స్పందించడం ఆపి మళ్లీ తేరుకుంది. విండోస్ మామూలుగా కార్డు జవాబు కోసం 2 సెకన్లు చూస్తుంది, ఆపైన దాన్ని రీసెట్ చేస్తుంది. హార్డ్‌వేర్ తప్పులను నమోదు చేసే ‘డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్’ ఎంట్రీలు కనిపిస్తే ప్రాసెసర్, ర్యామ్, కార్డు స్లాటు వైపు చూడాలి.

2. కావాల్సినవి

సెన్సర్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో, కార్డు స్పీడు, పవర్ మార్చే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, పాత డ్రైవర్‌ను పూర్తిగా తుడిచే డీడీయూ. ఒక స్టార్ స్క్రూడ్రైవర్, ఒక టార్చి, ఒక కాగితం, ఒక పెన్ను. సెన్సర్ల కోసం ఇంకే సాఫ్ట్‌వేరూ వద్దు. రెండు మూడు ఒకేసారి నడిపితే అవే ఒకదాన్నొకటి గందరగోళపరుస్తాయి. కాగితం తప్పనిసరి. ఏం మార్చారో, ఎన్ని నిమిషాలకు ఆగిందో ప్రతిసారీ రాసుకోండి. ఒకసారికి ఒక్క మార్పే. డ్రైవర్ మార్చి, అదే ఊపులో ర్యామ్ సెట్టింగు మార్చి, కేబుల్ కూడా బిగించి, ‘ఇప్పుడు బాగుంది’ అంటే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు. వారం తర్వాత మళ్లీ మొదలైతే మీరు మొదటికే వస్తారు.

3. ఓవర్‌క్లాకులన్నీ తీసేయండి

ఆఫ్టర్‌బర్నర్‌లో రీసెట్ నొక్కండి. బయోస్‌లోకి (మెషీన్ మొదలవగానే తెరుచుకునే సెట్టింగుల మెనూ) వెళ్లి, ర్యామ్ స్పీడు పెంచే ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్‌లో ఉంటే ఆపేయండి. ర్యామ్ డబ్బా మీద రాసిన స్పీడు చాలాసార్లు ఓవర్‌క్లాకే. కొన్ని కార్డులు ఫ్యాక్టరీ నుంచే క్లాక్ పెంచి వస్తాయి. ఎన్‌విడియా కార్డయితే కంట్రోల్ ప్యానెల్ హెల్ప్ మెనూలో డిబగ్ మోడ్ అని ఉంటుంది, అది పెడితే కార్డు మామూలు క్లాకులకు దిగుతుంది.

డ్రైవర్‌కి ఒక్క అవకాశం ఇవ్వండి. సేఫ్ మోడ్‌లో డీడీయూతో పాతది తుడిచి, గొడవ మొదలవకముందు బాగా నడిచిన వెర్షన్ వేయండి. కొత్తదే మంచిదన్న నియమం ఏమీ లేదు. ఈ ఒక్కసారితో తగ్గకపోతే డ్రైవర్లను వదిలేయండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. మీది ఇంటెల్ 13 లేదా 14వ తరం కోర్ ఐ7, ఐ9 డెస్క్‌టాప్ ప్రాసెసర్ అయితే, కార్డులో మెమరీ బోలెడంత ఉన్నా గేమ్ మొదలయ్యేటప్పుడు ‘వీడియో మెమరీ చాలలేదు’ అనే మెసేజ్‌తో మూసుకుపోవచ్చు. ఆ మాట నమ్మి కొత్త కార్డు కొన్నవాళ్లున్నారు. తప్పు ప్రాసెసర్‌ది. ఎక్కువ వోల్టేజీ వల్ల ఆ చిప్‌లు అరిగిపోతున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుని, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పెంచింది. అవి అందడానికి బయోస్ అప్‌డేట్ చేయండి. అయితే అది ముందుజాగ్రత్తే. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను అది బాగుచేయదు, మార్పించుకోవాల్సిందే.

4. వేడి

హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో లాగింగ్ ఆన్ చేసి ఆడండి. క్రాష్ అయ్యాక ఆ ఫైలు చివరి వరసలు చూడండి. కార్డు కోర్ టెంపరేచర్‌తో పాటు హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడైన చోటు) కూడా చూడాలి. రెండింటికీ 30 డిగ్రీల తేడా ఉంటే చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పేస్టు ఎండిపోయిందనో, హీట్‌సింక్ సరిగా అతుక్కోలేదనో అర్థం. క్యాబినెట్ పక్క తలుపు తీసి ఆడినప్పుడు క్రాష్ పోతే గాలి సమస్య. దుమ్ము దులపండి, ఫ్యాన్లు చూడండి, అయిపోతుంది. వేడెక్కిన కార్డు ముందు స్పీడు తగ్గించుకుంటుంది, చివరి మార్గంగా మాత్రమే ఆగిపోతుంది. అందుకే ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) పడిపోకుండా ఉన్నట్టుండి ఆగే మెషీన్లలో వేడిని నేను చివర్లో అనుమానిస్తాను.

5. కరెంటు: అందరూ తప్పు చేసేది ఇక్కడే

ఈ మెట్టు మీద తొందరపడకండి. ఒక సాయంత్రం మొత్తం దీనికే పెట్టుకోండి.

మొదట స్క్రూ విప్పకుండా చేసే పరీక్ష. ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ (కార్డు లాగే కరెంటుకు హద్దు) 70 శాతానికి దించి, క్రాష్ వచ్చిన చోటే, అదే సీన్‌లో ఆడండి. ఆగకుండా గంట నడిస్తే దారి దొరికింది. ఇప్పుడు పవర్ లిమిట్ మళ్లీ 100కి పెట్టి, కోర్ క్లాక్ మాత్రం 100 మెగాహెర్ట్జ్ తగ్గించి ఆడండి. ఈసారీ ఆగకపోతే కార్డు చిప్ తన సొంత స్పీడును తట్టుకోలేకపోతోంది. క్లాక్ తగ్గించినా ఆగిపోతే వేలు పవర్ సప్లై వైపో కేబుల్ వైపో చూపిస్తున్నట్టే. ఈ రెండో పరీక్ష చేయకుండా పవర్ సప్లై కొనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

చాలామంది కార్డు మీద పూర్తి లోడు పెట్టే ఫర్‌మార్క్ అనే ప్రోగ్రామ్ నడిపి, ‘అరగంట ఏమీ కాలేదు, కాబట్టి కరెంటు బాగుంది’ అంటారు. ఆ పరీక్షను నేను ఒప్పుకోను. ఫర్‌మార్క్ ఒకే స్థాయిలో నిలకడగా లాగుతుంది. గేమ్ అలా కాదు. ఒక గది దాటి బయటి మైదానంలోకి అడుగు పెట్టిన క్షణంలో కార్డు ఖర్చు ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. ఆ ఎగరడం మిల్లీసెకన్ల కన్నా తక్కువే ఉండవచ్చు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో మామూలుగా 2 సెకన్లకోసారి చూస్తుంది కాబట్టి దానికది కనబడదు, పవర్ సప్లైకి మాత్రం తగులుతుంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఇందుకే, పవర్ సప్లై తన రేటింగుకు రెండింతలు లాగినా 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని చెబుతుంది. అంతకు ముందు తయారైనవాటికి ఈ షరతు లేదు. లెక్క ప్రకారం వాట్లు సరిపోయినా పాత పవర్ సప్లై ట్రిప్ కావడం ఇలాగే.

ఇప్పుడు మెషీన్ తెరవండి. షట్‌డౌన్ చేసి, వెనక స్విచ్ ఆపి, తీగ గోడ నుంచి పీకేయండి. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు దిగిపోతుంది. ఏదైనా ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుమును చేత్తో తాకండి.

కార్డులోకి వెళ్లే ప్లగ్గును టార్చి వెలుగులో పక్క నుంచి చూడండి. ప్లగ్గుకూ సాకెట్‌కూ మధ్య గోరు మందం సందు కనిపిస్తే అది సగమే కూర్చుంది. బయటికి తీసి ఒక్కో గుంతలోకి చూడండి. ప్లాస్టిక్ అంచు గోధుమరంగుకు తిరిగిందా, ఒక పిన్ను మిగతావాటికంటే లోపలికి పోయిందా, కాలిన వాసన ఉందా? వీటిలో ఏదున్నా ఆ కేబుల్‌ను మళ్లీ వాడకండి. అన్నీ బాగుంటే నిటారుగా పట్టుకుని, కొక్కెం ‘టక్’ మనేదాకా నొక్కండి. తర్వాత మెల్లిగా లాగి చూడండి, కదలకూడదు.

8 పిన్నుల ప్లగ్గు ఒక్కోటి 150 వాట్లు, మదర్‌బోర్డు స్లాటు 75 వాట్లు ఇవ్వాలన్నది ప్రమాణం. కార్డుకు రెండు ప్లగ్గులు కావాలంటే పవర్ సప్లై నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు రావాలి. ఒకే కేబుల్ చివర రెండు తలలు ఉంటాయి చూశారా, అది డబ్బాలోనే వచ్చినా సరే, ఎక్కువ కరెంటు లాగే కార్డుకు వాడకండి. రెండు ప్లగ్గుల కరెంటూ ఒకే కట్ట తీగల మీద పడుతుంది.

16 పిన్నుల చిన్న ప్లగ్గు అయితే ఇంకా జాగ్రత్త. దాని గుండా 600 వాట్ల దాకా వెళ్లవచ్చు. పూర్తిగా కూర్చోనివి కరిగిపోయిన ఘటనలు 2022 నుంచి చూస్తున్నాం. తర్వాత వచ్చిన 12వీ-2x6 రకంలో సెన్స్ పిన్నులు (ప్లగ్గు దిగిందో లేదో కార్డుకు తెలిపేవి) పొట్టిగా చేశారు, ప్లగ్గు సరిగా దిగకపోతే కరెంటే తీసుకోదు. మీది పాతదైతే ఆ రక్షణ లేదు. ప్లగ్గు నుంచి కనీసం మూడున్నర సెంటీమీటర్ల వరకు తీగ వంచకండి. క్యాబినెట్ అద్దం తీగను నొక్కుతుంటే ఆ క్యాబినెట్ ఆ కార్డుకు పనికిరాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది కేబుళ్ల మార్పిడి. ఊడదీసే కేబుళ్లున్న పవర్ సప్లై మారిస్తే కేబుళ్లన్నీ మార్చాలి. ఒక్కటి కూడా పాతది ఉంచకూడదు. కార్డు వైపు చివర అందరికీ ఒకటే. పవర్ సప్లై వైపు చివర మాత్రం ఏ కంపెనీ ఇష్టం ఆ కంపెనీది, ఒకే కంపెనీలో మోడల్ మారినా అమరిక మారవచ్చు. ప్లగ్గు చక్కగా పడుతుంది, కానీ 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వోల్టులు వెళ్తాయి. మా చుట్టాలబ్బాయి తీగలన్నీ అందంగా కట్టుకున్నాడు. వాటిని విప్పడం ఇష్టంలేక కొత్త పవర్ సప్లైకి పాత కేబుళ్లే తగిలించాడు. స్విచ్ వేసిన క్షణంలో రెండు డ్రైవులూ పోయాయి. ఆరేళ్ల ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఆ రోజు వాడి ముఖం నేను మర్చిపోలేను. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. తీగ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లు ప్రమాదకరమైన వోల్టేజీ పట్టి ఉంచుతాయి. మల్టీమీటర్ పెట్టి లోపల కొలుద్దామనే ఆలోచన కూడా వద్దు. బాగుందని తెలిసిన మరో పవర్ సప్లైని, దాని సొంత కేబుళ్లతో సహా, స్నేహితుల దగ్గర అడిగి తెచ్చి పెట్టి చూడండి. ఇంతకు మించిన పరీక్ష లేదు. కొనాల్సి వస్తే స్టిక్కర్ మీద 12 వోల్టుల గడిలో ఆంపియర్లు చూడండి. 54 ఆంపియర్లుంటే 12తో గుణిస్తే 648 వాట్లు. డబ్బా మీద వాట్లు పెద్ద అంకె వేసి ఈ గడిలో తక్కువ ఇచ్చేవి కొనకండి.

6. అప్పటికీ ఆగితే

కార్డు తీసి మరో మెషీన్‌లో పెట్టండి. క్రాష్ దానితో పాటే వెళ్తే కార్డుదే తప్పు, వారంటీకి పంపండి. స్క్రీన్ మీద రంగు గళ్లు, చుక్కలు కనిపిస్తే కార్డు మెమరీ దెబ్బతింది, ఇంట్లో చేసేదేమీ లేదు. కార్డు అక్కడ బాగా నడిస్తే ఇక్కడ ర్యామ్‌ను మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌తో రాత్రంతా పరీక్షించండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఒక్కో ర్యామ్ స్టిక్‌ను విడిగా పెట్టి చూడాలి.

బాగైందనుకున్నాక ఆపిన సెట్టింగులను ఒక్కొక్కటిగా తిరిగి ఆన్ చేయండి, ఒక్కో దానికి ఒక సాయంత్రం. ఎక్స్‌ఎంపీ మొదట, క్లాకులు తర్వాత. ప్రతిసారీ కాగితంలో రాసుకున్న ఆ సీన్‌లోనే, ఆ సెట్టింగులతోనే రెండు గంటలు ఆడండి.