ముందు తూకం ఎక్కండి, తర్వాత పారాచూట్ ఎంచుకోండి

టెక్సస్‌లో నేను స్కైడైవింగ్ కోచ్‌గా ఉన్న డ్రాప్ జోన్‌కు (విమానంలోంచి దూకి దిగే మైదానానికి) వచ్చే తెలుగు కుర్రాళ్లు 25 జంపులు పూర్తిచేసి మొదటి మెట్టు అయిన ‘ఎ’ లైసెన్సు చేతికి రాగానే అడిగే ప్రశ్న ఒకటే: "అక్కా, నాకు 150 సరిపోతుందా?" రిగ్, అంటే వీపుకు కట్టుకునే పారాచూట్ల సామగ్రి, తగిలించుకుని తూకం ఎక్కి రమ్మంటాను. సగం మంది మొహం మాడ్చుకుంటారు.

150 అంటే పారాచూట్ వైశాల్యం, చదరపు అడుగుల్లో. అది ఎంత బరువు మోయాలో తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు. విమానంలోంచి మీతోపాటు కిందికి దిగేదంతా బరువే: ఒళ్లు, బట్టలు, హెల్మెట్, రెండు పారాచూట్లున్న రిగ్. ఒంటి బరువుకు అదనంగా సుమారు 11 కిలోలు వేసుకోండి. ఆ మొత్తాన్ని 2.2తో హెచ్చవేస్తే పౌండ్లు వస్తాయి. పౌండ్లను పారాచూట్ వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే వింగ్ లోడింగ్.

75 కిలోల మనిషిని తీసుకుందాం. రిగ్‌తో 86 కిలోలు, అంటే దాదాపు 190 పౌండ్లు. 190 పారాచూట్ కింద అతని లోడింగ్ 1.0, 170 కింద 1.12, 150 కింద 1.27. చిన్న తేడాలే అనిపిస్తాయి. కానీ 190 నుంచి 150కి దిగితే వేగం సుమారు 13 శాతం పెరుగుతుంది, నేలను తాకేటప్పటి శక్తి 27 శాతం పెరుగుతుంది. చీలమండలు భరించాల్సింది ఆ శక్తినే.

నేను పాటించే లెక్క చాలామంది కోచ్‌లు చెప్పేదే. మొదటి 100 జంపుల్లో 1.0 దాటవద్దు. ఆ తర్వాత ప్రతి 100 జంపులకు మహా అయితే 0.1 పెంచవచ్చు. అది హద్దు మాత్రమే, హక్కు కాదు. సైజు మార్చినప్పుడల్లా ఒక్క మెట్టే దిగాలి: 190 నుంచి 170, ఆపైన 150.

బరువు తక్కువ ఉన్నవాళ్లను, ముఖ్యంగా అమ్మాయిలను, ఈ సూత్రం తప్పుదారి పట్టిస్తుంది. 50 కిలోల అమ్మాయికి లెక్క ప్రకారం 135 వస్తుంది. తాళ్లు పొట్టిగా ఉన్న చిన్న పారాచూట్ అదే లోడింగ్ దగ్గర కూడా పెద్దదానికన్నా చురుగ్గా తిరుగుతుంది, చేతి పొరపాటుకు వెంటనే స్పందిస్తుంది. ఆమెకు నేను 170 ఇస్తాను. గాలి బలంగా ఉన్న రోజున కింద కూర్చోబెడతాను.

ఎత్తు, ఎండ కూడా లెక్కలోకి వస్తాయి. సముద్రమట్టానికి 5,000 అడుగుల ఎత్తున, కొలరాడోలాంటి చోట, పలచటి గాలిలో అదే పారాచూట్ సుమారు 8 శాతం వేగంగా దిగుతుంది. మండువేసవి మధ్యాహ్నం మా దగ్గరా కొంత అలాగే ఉంటుంది. పండగకు ఊరెళ్లి మూడు కిలోలు పెంచుకొచ్చినా, ఆరు నెలలు దూకకుండా ఉన్నా, మళ్లీ పెద్ద సైజుకే వెళ్లండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

సైజు తగ్గించే ముందు ఇప్పుడున్న పారాచూట్‌తో ఏమేం చేయగలరో చూసుకోండి. గాలి లేని రోజున నిలబడి దిగగలరా? పక్కగాలిలో? అనుకున్న చోటికి పది మీటర్లలోపు, ఒక్కసారి కాదు, వరుసగా? కింద ఎవరో అడ్డొస్తే ఎత్తు ఎక్కువ పోగొట్టుకోకుండా బ్రేకులతో బల్లపరుపుగా తిరగగలరా? ఈ చివరిది రానివాళ్లతో నేను సైజు సంగతే మాట్లాడను. తెరుచుకుని చక్కగా పనిచేస్తున్న పారాచూట్ కింద, నేలకు దగ్గరలో భయంతో ఒక టాగుల్ (బ్రేకు తాడు పిడి) గట్టిగా లాగి తిరగబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

పాత రిగ్ కొంటున్నారా? అందరూ మామూలుగా వాడే మెయిన్ పారాచూట్ చూస్తారు, అది పనిచేయకపోతే తెరిచే రిజర్వ్‌ను వదిలేస్తారు. 170 మెయిన్ పక్కన 126 రిజర్వ్ ఉన్న రిగ్‌లు అమ్మకానికి కనిపిస్తూనే ఉంటాయి. మన 75 కిలోల మనిషికి ఆ రిజర్వ్ కింద లోడింగ్ 1.5 అవుతుంది, అదీ ఎక్కడ దిగాలో ఎంచుకునే వీలు లేని రోజున. ఏఏడీ (నేల దగ్గరపడుతున్నా పారాచూట్ తెరుచుకోకపోతే రిజర్వ్‌ను దానంతటదే తెరిచే పరికరం) తెరిచిందంటే ఆ సమయానికి మీకు స్పృహ ఉంటుందన్న భరోసా కూడా లేదు. రిజర్వ్ లేబుల్ మీద తయారీదారు వేసిన గరిష్ఠ బరువు చదవండి, మీ రిగ్‌తో కలిపిన బరువుతో పోల్చండి. డబ్బు ఇచ్చేముందు రిగ్గర్ (పారాచూట్లను తనిఖీ చేసి మడిచే నిపుణుడు) చేత విప్పించి చూపించుకోండి. కంటైనర్‌లో, అంటే రిగ్ సంచిలో, ఎంత పెద్ద పారాచూట్ పడుతుందో కూడా ఆయన్నే అడగండి, ఎందుకంటే 150కి కుట్టినదాంట్లో 190 కూరడం కుదరదు.