దుకాణదారుల్ని దివ్యాంగుల ప్రణాళికలోకి తెచ్చేదెలా: విజయవాడ వార్డు బృందాలకు

దివ్యాంగులు తేలిగ్గా దుకాణాలకు వచ్చి సరుకు కొనుక్కునేలా చేయడమే ఈ ప్రణాళిక. వ్యాపారుల్ని సమావేశానికి పిలవడంతో మొదలుపెట్టకండి. కాగితం తీసుకుంటారు, 'అలాగేనండీ' అంటారు, రారు. కొలత టేపు పట్టుకుని మీరే వాళ్ల మెట్ల దగ్గరకు వెళ్లండి.

ముందు బృందం. వీల్‌చైర్ వాడేవారు, చూపు లేనివారు, సైగల భాష తెలిసిన మనిషి తోడుగా వినపడనివారు, మానసిక ఎదుగుదల లోపం ఉన్న పిల్లల తల్లో తండ్రో, ఒక్కొక్కరు చాలు. ఆటో ఖర్చు, ఆ పూట కూలి మీరే ఇవ్వండి. పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట మధ్య వెళితే యజమాని మాట వింటాడు. సాయంత్రాలు, ఆషాఢం డిస్కౌంట్లు, దసరా, సంక్రాంతి ముందు రోజులు వద్దు.

కొలతలో అసలు చిక్కు మెట్టుది. ర్యాంపు వాలు 1:12 ఉండాలి, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. బీసెంట్ రోడ్డులాంటి రద్దీ బజారులో అంత చోటు ఎక్కడిది? పైగా దుకాణం ముందు మురుగు కాలువ ఉంటుంది. దాని మీద సిమెంటు పోస్తే పూడిక తీసే రోజున కార్పొరేషన్ వాళ్లు పగలగొడతారు. అందుకే ఆరంగుళాల లోపు మెట్టుకి తీసి పెట్టే ర్యాంపు అడగండి: ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, చక్రం జారకుండా రెండు పక్కలా రెండంగుళాల అంచు. ఆటోనగర్ వర్క్‌షాపుల్లో చెకర్డ్ ప్లేటుతో, అంటే కాలు జారకుండా పైన గీతలు తేలిన రేకుతో, చేసిస్తారు. 3 మి.మీ. ఇనుప రేకే నలభై కిలోల దాకా తూగుతుంది, కుర్రాడొక్కడు ఎత్తలేక మూలన పడేస్తాడు. అల్యూమినియం అందులో మూడోవంతే. ఖరీదెక్కువైనా అదే మేలు. బైకు ఎక్కించడానికి వేసిన నిటారు పలకని చూపించి 'ర్యాంపు ఉందిగా' అంటారు, ఒప్పుకోకండి. మెట్టు ఇంకా ఎత్తయితే వీధిలోంచే నొక్కగలిగే బెల్లు, సరుకు బయటికే తెచ్చి చూపించే మనిషి.

మిగతావి తేలిక: దుకాణం లోపల 90 సెం.మీ. వెడల్పు ఖాళీ దారి, 75–80 సెం.మీ. ఎత్తున ఒక కౌంటరు ముక్క, వినపడనివారి కోసం బిల్లు దగ్గర రాసి చూపించడానికి కాగితం, పెన్ను.

అద్దె దుకాణమైతే మెట్లు మార్చడానికి భవనం యజమాని ఒప్పుకోవాలి, ఆయన సంతకం ముందే తీసుకోండి. చాలా ఊళ్లలో శాఖలున్న షోరూముల్లో మేనేజరుకి ఖర్చు పెట్టే అధికారం సాధారణంగా ఉండదు. పై కార్యాలయానికి లేఖ రాయండి.

సేవలు దివ్యాంగులకు అందుబాటులో ఉండాలనే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్ ప్రైవేటు సేవలకూ వర్తిస్తుంది. 21వ సెక్షన్ ఉద్యోగాల్లో దివ్యాంగులకు సమాన అవకాశాల విధానం ప్రకటించమంటుంది. 20 మంది, ఆపైన ఉద్యోగులుంటే దివ్యాంగులకు అనువైన కొలువులేవో అందులో రాయాలి. కానీ మొదటి రోజే చట్టం తీయకండి. తీస్తే యజమాని మిమ్మల్ని తనిఖీవాళ్లనుకుని వకీలుకి ఫోన్ చేస్తాడు.

వీధిలో ముగ్గురు ఒప్పుకున్నాక వర్తక సంఘం, రోటరీ, లయన్స్ క్లబ్బుల దగ్గరకు వెళ్లండి. 'సాయం చేయండి' అనకండి, అది దుప్పట్ల పంపిణీ దగ్గర ఆగుతుంది. 'ఫలానా వీధికి ఎనిమిది ర్యాంపులు, ఇదీ కొటేషన్' అనండి. ఎవరు కొంటారు, ఏ తేదీకి, రోజూ ఎవరు వేస్తారు అన్నది ఒకే కాగితం మీద రాయించి, ఒక ప్రతి వార్డు సచివాలయంలో ఇవ్వండి.

నెల తర్వాత అదే బృందం చెప్పకుండా వెళ్లాలి. ర్యాంపు వేసే చోట బైకులుంటే పసుపు రంగు గీత కొట్టించమనండి. ర్యాంపే లోపల ఏ మూలనో పడి ఉంటే, దాన్ని రోజూ వేసే మనిషి పేరు కాగితంలో మార్పించండి.