సెలవుల్లో ఫోనుకు నెట్ అందకపోతే: సమస్యలు, పరిష్కారాలు

ఊరు కాని ఊర్లో నెట్ ఆగిపోగానే ఫోనును ఆపి మళ్లీ ఆన్ చేస్తాం. అప్పటికీ రాకపోతే ఇక ఫోను పనికిరాదని జేబులో పెట్టేస్తాం. అంత తొందర అక్కర్లేదు. టవరు సిగ్నలే లేదా, సిగ్నల్ ఉండి డేటా రావడం లేదా, వైఫై కలిసినా నెట్ అందడం లేదా? ముందు ఈ సంగతి తేల్చుకోండి. మూడింటికీ మందు వేరు.

సమస్య: సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, ఒక్క పేజీ కూడా తెరుచుకోదు

పరాయి దేశంలో ఇలా జరిగితే ముందు అనుమానించాల్సింది డేటా రోమింగ్‌ను, అంటే వేరే కంపెనీ నెట్‌వర్క్ మీద నెట్ వాడుకునే సెట్టింగును. అది ఆఫ్‌లో ఉండవచ్చు. ఆన్ చేసే ముందు మీ ప్లానులో రోమింగ్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. అది ఆన్‌లోనే ఉంటే, ఆటోమేటిక్ ఎంపిక తీసేసి జాబితాలోంచి మరో నెట్‌వర్క్‌ను మీరే ఎంచుకోండి. కొత్త సిమ్ వేసుకున్నవారు ఏపీఎన్ సెట్టింగులు (ఫోనును ఆ కంపెనీ నెట్‌కు కలిపే వివరాలు) సరిగా ఉన్నాయో లేదో కూడా చూడాలి.

ఈలోగా ఇంటికి ఎస్సెమ్మెస్ పంపండి, దానికి డేటా అవసరం లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే ఒక సందేశంలో 160 పడతాయి, తెలుగు లిపిలో 70 మాత్రమే. గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి ‘క్షేమం’ అన్న చిన్న మాటకే ఆరు ఖర్చవుతాయి. అయినా ముందు పంపాల్సిన మాట అదే.

సమస్య: వైఫై కలిసింది, నెట్ మాత్రం లేదు

చాలా చోట్ల లాగిన్ పేజీ దాటితే గానీ నెట్ ఇవ్వరు. వీపీఎన్ (మీ నెట్‌ను రహస్య దారిలో నడిపే యాప్) గానీ ప్రైవేట్ డీఎన్ఎస్ (సైట్ల చిరునామాలను రహస్యంగా వెతికే సెట్టింగు) గానీ నడుస్తుంటే ఆ పేజీ తెరమీదికి రాకపోవచ్చు. రెండూ ఆపి మళ్లీ కలపండి. లాగిన్ అయ్యాక వీపీఎన్ తిరిగి పెట్టుకోవచ్చు.

సమస్య: మ్యాపు ఖాళీగా ఉంది, నీలి చుక్క మాత్రం కదులుతోంది

చాలామందికి తెలియని సౌకర్యం ఇక్కడే ఉంది. ఆ చుక్కకు నెట్ అక్కర్లేదు, సిమ్ కూడా అక్కర్లేదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలను ఫోను నేరుగా అందుకుంటుంది. నెట్ నుంచి రావలసింది రోడ్ల బొమ్మ ఒక్కటే. బయల్దేరే ముందే ఆ ప్రాంతం మ్యాపును డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే సరిపోతుంది. గూగుల్ మ్యాప్స్ నెట్ లేనప్పుడు వాహనాల దారి చూపుతుంది కానీ నడకదారి చూపదు. నడిచి తిరిగేవారు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనమే కలిసి తయారుచేసే ఉచిత మ్యాపు) ఆధారంగా పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్ లాంటిది పెట్టుకోవడం మేలు.

చుక్కే కనబడకపోతే కంగారుపడకండి. నెట్ ఉన్నప్పుడు ఉపగ్రహాల ఆచూకీ ఫోనుకు ముందుగానే అందుతుంది, లేనప్పుడు అది తానే వెతుక్కోవాలి. ఆకాశం బాగా కనిపించే చోట కొన్ని నిమిషాలు కదలకుండా నిలబడండి.

సమస్య: వాడకపోయినా ఛార్జింగ్ కరిగిపోతోంది

సిగ్నల్ లేని చోట ఫోను టవరు కోసం విడవకుండా వెతుకుతూ బ్యాటరీ తినేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఇప్పటి ఫోన్లలో అప్పుడూ జీపీఎస్ పనిచేస్తుంది.

సమస్య: ఓటీపీ రావడం లేదు

ఇంటి సిమ్ తీసేసినా, దానికి రోమింగ్ లేకపోయినా ఎస్సెమ్మెస్ ఓటీపీ అందదు. వీలున్న ఖాతాలన్నిటికీ ముందే అథెంటికేటర్ యాప్ (లాగిన్ కోడ్‌లను ఫోనులోనే తయారుచేసే యాప్) పెట్టుకోండి. అది సాధారణంగా 30 సెకన్లకోసారి కొత్త కోడ్ ఇస్తుంది, నెట్ అడగదు. దానికి కావలసింది సరైన సమయం. వేరే దేశంలో దిగి గడియారం ముల్లు తిప్పినట్టు ఫోనులో గంటలు మార్చేస్తే కోడ్‌లు చెల్లవు. మార్చాల్సింది టైమ్‌జోన్‌ను. ఖాతా ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసుకుని, పర్సులో కాకుండా విడిగా దాచండి.

సమస్య: తెరమీద ‘అత్యవసర కాల్స్ మాత్రమే’ అని ఉంది

మీ నెట్‌వర్క్ అందడం లేదు కానీ, దగ్గర్లో మరొకటి ఉందని దాని అర్థం. 112 కు చేస్తే ఆ నెట్‌వర్క్ మీదుగా కాల్ వెళుతుంది. అసలు ఏ నెట్‌వర్కూ లేని చోట 112 కూడా పనిచేయదు. అక్కడ టవరుకు అడ్డం లేని ఎత్తైన చోటు చూసుకుని, ఫ్లైట్ మోడ్ తీసి ప్రయత్నించాలి.

సమస్య: మీరు బాగానే ఉన్నారు, ఇంట్లో వాళ్లు హడలిపోతున్నారు

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద సమస్య ఇదే. దీనికి ఫోనులో మందు లేదు. ‘రోజూ ఫోన్ చేస్తాను’ అని మాటిచ్చి వెళితే, సిగ్నల్ లేని మొదటి రాత్రే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. ఎక్కడెక్కడ ఉంటారో, ఏయే రోజులు ఫోను కలవకపోవచ్చో కాగితం మీద రాసి ఇవ్వండి. ఏ రోజు రాత్రిలోగా కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులో ఉండాలి. అలాగే ఇంటివాళ్ల నంబర్లు మీరూ రాసి పెట్టుకోండి, ఫోను ఆరిపోతే అందులోని నంబర్లూ అందవు.