పండగ ఆర్డర్లు ఒప్పుకునే ముందు ఎండ లెక్క చూసుకోండి

మా వదిన కొండపల్లిలో బొమ్మలు చేస్తుంది. నేను విజయవాడలో ఇంట్లో కూర్చుని ఫోటోలు, వాట్సాప్ మెసేజ్‌లు, పార్సెళ్లు చూసుకుంటాను. దసరా నుంచి సంక్రాంతి దాకా మాకు సీజన్. సరిగ్గా వానలు, తుపాన్లు పడేదీ ఆ రోజుల్లోనే.

మొదటి ఏడాది ఆర్డర్లు వస్తున్నాయన్న సంబరంలో అడిగినవాళ్లందరికీ పది రోజుల్లో ఇస్తానని చెప్పేశాను. వదిన వినేసి, "నువ్వు ఫోన్లో సరే అన్నంత తేలిగ్గా మక్కు ఆరదు అమ్మాయ్" అంది. నిజమే. బొమ్మ చెక్కే తెల్లపొణికి కర్రలో తడి పోవాలి. చెక్కాక చేతులు, కాళ్లు మక్కుతో అతకాలి. మక్కంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. అది ఆరాక పైన సున్నం, సున్నం ఆరాక రంగు. ముసురు పట్టిందంటే ప్రతిచోటా ఒకటి రెండు రోజులు అదనం. అందుకే ఇప్పుడు వదిన ఎన్ని రోజులంటే దానికి ఇంకో వారం కలిపి కొనేవాళ్లకు చెబుతాను. త్వరగా వస్తే ఎవరూ తిట్టరు.

తొందరపడితే ఏమవుతుందో ఒక అంబారీ ఏనుగు బొమ్మ, అదే పైన రాజుగారు కూర్చున్నది, నేర్పింది. వేలు పెట్టి చూస్తే రంగు అంటుకోలేదు, ఆరిందనుకున్నాను. ఎనామిల్ లోపల ఇంకా పచ్చిగానే ఉంది. నేరుగా బబుల్ ర్యాప్ చుట్టి పంపేశాను. అవతల విప్పి చూస్తే రాజుగారి ముఖమంతా అమ్మవారు పోసినట్టు గుండ్రటి మచ్చలు! డబ్బు తిరిగిచ్చాను, ఏనుగూ తిరిగొచ్చింది. ఇప్పటికీ మా షోకేసులోనే ఉంది. అప్పట్నుంచి ముందు బటర్ పేపర్, దాని మీదే బబుల్ ర్యాప్. న్యూస్ పేపర్ బొమ్మకు తగలనివ్వకండి, సిరా అంటుకుంటుంది.

విరిగేది ఎప్పుడూ అతుకు దగ్గరే. ఏనుగు దంతాలు, కృష్ణుడి వేణువు, దశావతారాల్లో చేతులు. వాటి చుట్టూ దూది పెట్టి, పెట్టె మూసి, చెవి దగ్గర ఊపి చూడండి. లోపల కదిలిన చప్పుడొస్తే మళ్లీ విప్పాల్సిందే. ప్యాకింగ్ మొత్తం ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తియ్యమని కొన్నవాళ్లకూ ముందే చెప్పండి. తగాదా వస్తే అదే సాక్ష్యం.

కొరియర్ ఖర్చు దగ్గర చాలామంది దెబ్బ తింటారు. పొణికి తేలిక కదా, ఎంతవుతుందిలే అనుకుంటాం. కొరియర్ వాళ్లు బరువుతో పాటు పెట్టె సైజు కూడా చూస్తారు. 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 20 ఎత్తు అనుకోండి. మూడూ గుణిస్తే 15,000. చాలా కంపెనీలు దాన్ని 5,000తో భాగిస్తాయి, అంటే 3 కిలోలు. లోపల బొమ్మ అరకిలో ఉన్నా 3 కిలోల డబ్బులే కట్టాలి. ధర చెప్పకముందే పెట్టె కొలవండి. తర్వాత అడిగితే మొహమాటం, అడక్కపోతే నష్టం.

ఫోటో పగటి వెలుగులో తియ్యండి, పక్కన ఒక స్టీలు గ్లాసు పెట్టండి. సైజు అంకెల్లో రాసినా చదవరు, గ్లాసు మాత్రం చూస్తారు. క్యాష్ ఆన్ డెలివరీ మేం మానేశాం. తీసుకోకుండా తిప్పి పంపితే రానూపోనూ ఖర్చు మన నెత్తినే పడుతుంది.

సీజన్‌లో మోసగాళ్లకూ గిరాకీయే. బేరం ఆడకుండా ఇరవై బొమ్మలు అడిగి, ఆర్మీ ఆఫీసర్నని చెప్పి, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చెయ్యమంటే అక్కడితో ఆపెయ్యండి. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు. పేమెంట్ స్క్రీన్‌షాట్ నమ్మొద్దు, ఖాతాలో పడిందో లేదో చూశాకే పార్సెల్ కట్టండి. "పొరపాటున ఎక్కువ వేశాను, మిగతాది తిరిగి పంపండి" అన్నా అంతే, ముందు ఖాతా చూడండి. డబ్బు పోయిందంటే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

సరుకు నేల మీద పెట్టొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. ఆ తర్వాత మా బొమ్మలు, అట్టపెట్టెలు అన్నీ అటకెక్కాయి. అక్కడ కూడా పాలిథిన్ కవర్లో కట్టి పెడతాం. రంగు పూర్తిగా ఆరనిది మాత్రం కవర్లో పెట్టకండి.

దసరా నవరాత్రుల్లో దుర్గమ్మ గుడి రద్దీకి విజయవాడ వన్ టౌన్ వైపు ట్రాఫిక్ మళ్లిస్తారు. మూలా నక్షత్రం రోజైతే ఇక చెప్పక్కర్లేదు. ఆ రోజు కొరియర్ పికప్ పెట్టుకోకండి.

సంక్రాంతి బొమ్మల కొలువుకు మేం డిసెంబరు 20 దాకానే ఆర్డర్లు తీసుకుంటాం. 21న ఎవరైనా బతిమాలితే, అటక మీద తయారుగా ఉన్నవాటి ఫోటోలు పంపి, వీటిల్లో ఏది కావాలో చెప్పండి అంటాను.