పోర్టెడ్ సబ్‌వూఫర్ బాక్స్: జబ్బు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

హోమ్ థియేటర్ కోసం కట్టిన పోర్టెడ్ బాక్స్ (గాలి పోయే పైపు, అంటే పోర్ట్, ఉన్న సబ్‌వూఫర్ పెట్టె) సరిగా మోగకపోతే చాలామంది ముందు డ్రైవర్‌ను, అంటే లోపల బిగించిన స్పీకర్‌ను అనుమానిస్తారు, తర్వాత యాంప్ మారుస్తారు. నేను విప్పి చూసిన బాక్సుల్లో ఎక్కువ వాటి జబ్బు వేరు. కట్టినవాళ్లు అనుకున్న ట్యూనింగ్ ఒకటి, బాక్స్‌కు నిజంగా కుదిరిన ట్యూనింగ్ మరొకటి. అందుకని లక్షణం ఏదైనా సరే, రంపం పట్టుకునే ముందు ట్యూనింగ్ కొలవండి.

ముందు ఈ కొలత

ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలుకుతుంది. పోర్టెడ్ బాక్స్ చేసేదీ అదే. లోపలి గాలి స్ప్రింగ్‌లా, పోర్ట్‌లోని గాలి బరువులా పనిచేసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగుతాయి. అదే ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ.

యాంప్‌కూ డ్రైవర్‌కూ మధ్య 100 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌ను సిరీస్‌లో కలపండి. సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ లోతైన ధ్వనిని ఆపేది), ఈక్వలైజర్ ఆపేయండి. ఆపకపోతే కొలత మోసం చేస్తుంది. వాల్యూమ్ తక్కువగా ఉంచి టోన్ జనరేటర్‌తో 10 నుంచి 80 హెర్ట్జ్ దాకా ఒక్కో హెర్ట్జ్ పెంచుతూ, డ్రైవర్ టెర్మినల్స్ దగ్గర ఏసీ వోల్టేజ్ రాసుకోండి. వోల్టేజ్ ఒకసారి పెరిగి, పడిపోయి, మళ్లీ పెరుగుతుంది. రెండు శిఖరాల మధ్య పల్లం ఎక్కడుందో అదే మీ బాక్స్ అసలు ట్యూనింగ్. ఒక్క శిఖరమే కనిపిస్తే పోర్ట్ పనిచేయడం లేదన్నమాట: అది మూసుకుపోయి ఉండాలి, లేదా బాక్స్‌లో పెద్ద లీక్ ఉండాలి.

మల్టీమీటర్ లేకపోతే కోన్‌ను, అంటే డ్రైవర్‌లో ముందుకూ వెనక్కూ కదిలే భాగాన్ని చూడండి. ట్యూనింగ్ దగ్గర కోన్ దాదాపు కదలకుండా నిలబడుతుంది, పోర్ట్ దగ్గర చెయ్యి పెడితే గాలి బలంగా తగులుతుంది.

కొలిచినదాన్ని ఈ లెక్కతో పోల్చుకోండి. గుండ్రటి పోర్ట్ ఒకటే ఉన్నప్పుడు:

పొడవు = 23562 × వ్యాసం × వ్యాసం ÷ (ట్యూనింగ్ × ట్యూనింగ్ × లీటర్లు) − 0.73 × వ్యాసం

పొడవు, వ్యాసం సెంటీమీటర్లలో, ట్యూనింగ్ హెర్ట్జ్‌లో. 100 లీటర్ల బాక్స్‌కు 10 సెం.మీ. పైపు పెట్టి 20 హెర్ట్జ్ కావాలంటే పొడవు సుమారు 52 సెం.మీ. రావాలి. అదే పైపును 19 సెం.మీ.కు కోస్తే ట్యూనింగ్ 30 హెర్ట్జ్‌కు ఎక్కుతుంది. ఒక హెర్ట్జ్ అటూ ఇటూ అయితే పట్టించుకోవక్కర్లేదు. నాలుగైదు హెర్ట్జ్ తేడా ఉంటేనే సరిచేయండి.

లక్షణం: ప్రతి బేస్ ఒకే స్వరంలా ‘బూమ్’ అంటోంది

మొదటి అనుమానం నికర వాల్యూమ్ మీద, అంటే బాక్స్‌లో గాలికి నిజంగా మిగిలే చోటు మీద. బాక్స్ లోపలి కొలతలు గుణించి 100 లీటర్లు వచ్చిందని సంతోషపడతాం. 15 సెం.మీ. పైపు, బయటి వ్యాసం 16 సెం.మీ., పొడవు 120 సెం.మీ. అనుకుంటే అది ఒక్కటే 24 లీటర్లు మింగేస్తుంది. డ్రైవర్‌కూ లోపలి బ్రేసింగ్‌కూ (గోడలకు ఆసరాగా పెట్టే చెక్కలకూ) మరో 8 లీటర్లు పోయాయనుకుందాం. మిగిలేది 68. మీరు 20 హెర్ట్జ్ అనుకున్న బాక్స్ 24 దగ్గర పలుకుతుంది. పోర్ట్ పొడవు పెంచండి, లేదా కుదిరితే బాక్స్ పెంచండి. పైపు చివర జారే ముక్క ఒకటి తొడిగి, కొలత సరిపోయాకే అంటించేస్తే తలనొప్పి ఉండదు.

రెండో అనుమానం డ్రైవర్ ఎంపిక. స్పెసిఫికేషన్ షీట్‌లో క్యూటీఎస్ విలువ (డ్రైవర్ ఊగుడు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె) 0.5 దాటి ఉంటే దాన్ని పోర్టెడ్ బాక్స్‌లో పెట్టకపోవడమే మేలు. ట్యూనింగ్‌కు పైన మూపురంలా ఉబ్బు వస్తుంది, పోర్ట్ ఎంత కోసినా అది పోదు. 0.25 నుంచి 0.4 మధ్య ఉన్నవి పోర్ట్‌కు బాగా ఒదుగుతాయి. ఎక్కువ క్యూటీఎస్ డ్రైవర్‌కు మూసిన బాక్సే సరైన ఇల్లు.

మూడోది గది. నా లెక్కలో దీన్ని మొదటే చూడాలి, కానీ ఎవరూ చూడరు. 5 మీటర్ల పొడవున్న గదిలో 34 హెర్ట్జ్ దగ్గర, 4 మీటర్ల వెడల్పుకు 43 దగ్గర గోడల మధ్య నిలిచే అలలు వస్తాయి. తేల్చుకోవడం సులువే. మైక్‌ను కోన్‌కు ఒక సెంటీమీటరు దూరంలో పెట్టి ఒకసారి, పోర్ట్ మూతి దగ్గర మరోసారి కొలవండి. దగ్గరి కొలతల్లో ఉబ్బు లేకుండా కూర్చునే చోట మాత్రమే కనిపిస్తే బాక్స్ తప్పేమీ లేదు. అప్పుడు సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే చోట పెట్టి బేస్ ఎక్కువగా ఉన్న పాట మోగిస్తూ, గది అంచుల వెంట వంగి వినండి. ఎక్కడ సమంగా వినిపిస్తే బాక్స్‌ను అక్కడికి మార్చండి. మిగిలిన ఉబ్బును ఈక్వలైజర్‌తో తగ్గించొచ్చు. పల్లాలను మాత్రం ఈక్వలైజర్‌తో పూడ్చబోకండి, యాంప్ శక్తి అంతా వృథా అవుతుంది.

లక్షణం: పోర్ట్ బుసకొడుతోంది

పేలుడు సన్నివేశంలో బేస్‌తోపాటు ‘ఫుస్ ఫుస్’ అని గాలి వినిపిస్తే పోర్ట్ ఇరుకైందన్నమాట. గాలి వేగం సెకనుకు 17 మీటర్లలోపు ఉంటే చప్పుడు దాదాపు ఉండదు. అది ధ్వని వేగంలో 5 శాతం. హోమ్ థియేటర్‌లో గట్టి శిఖరాల దగ్గర 20, 25 దాకా పోయినా చాలామందికి తెలియదు. విన్‌ఐఎస్‌డీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో మీ యాంప్ వాట్లు ఇస్తే వేగం గ్రాఫ్‌గా చూపిస్తుంది.

10 సెం.మీ. పైపు తీసి 15 పెడితే వైశాల్యం రెండుంపావు రెట్లవుతుంది, వేగం అదే లెక్కన తగ్గుతుంది. ఇక్కడే అసలు ఇరకాటం. 100 నికర లీటర్లకు 20 హెర్ట్జ్ నిలబెట్టాలంటే 15 సెం.మీ. పైపు దాదాపు 121 సెం.మీ. ఉండాలి, అది మామూలు బాక్స్‌లో పట్టదు. నాకైతే ట్యూనింగ్‌ను కాస్త పైకి జరపడమే నచ్చుతుంది. 25 హెర్ట్జ్‌కు అదే పైపు 74 సెం.మీ. చాలు, ఒక వంపు తిప్పితే ఇమిడిపోతుంది. వంపు ఉన్నప్పుడు పొడవును పైపు మధ్యరేఖ వెంట కొలవండి. లోతైన బేస్ వదులుకోవడం ఇష్టం లేకపోతే పోర్ట్ బదులు పాసివ్ రేడియేటర్ (కాయిల్ లేకుండా, లోపలి గాలితోనే ఊగే కోన్) పెట్టుకోవాలి, లేదా పెద్ద బాక్స్ కట్టాలి.

పైపు మార్చడం కుదరకపోతే రెండు చివర్లనూ గంట ఆకారంలో గుండ్రం చేయండి. లోపలి చివరను వదిలేయొద్దు, గాలి రెండు వైపులా పోతుంది. ఆ చివరకూ ఎదుటి గోడకూ మధ్య కనీసం పైపు వ్యాసమంత ఖాళీ ఉండాలి.

లక్షణం: గట్టి సీన్‌లో ‘టక్’ మంటోంది

వెంటనే వాల్యూమ్ తగ్గించండి. అది వాయిస్ కాయిల్ వెనక ప్లేట్‌కు కొట్టుకునే చప్పుడు. ట్యూనింగ్‌కు కింద పోర్ట్ గాలి పట్టు వదిలేస్తుంది, కోన్ బాక్స్ లేనట్టే ఊగుతుంది. సినిమా ఎల్ఎఫ్ఈ ట్రాక్‌లలో (లోతైన బేస్ కోసం విడిగా ఉండే ట్రాక్‌లలో) 20 హెర్ట్జ్‌కు కింద కూడా సిగ్నల్ ఉంటుంది కనుక ఈ ప్రమాదం పాటల కంటే సినిమాలకే ఎక్కువ. యాంప్‌లోనో డీఎస్‌పీలోనో (ధ్వనిని డిజిటల్‌గా సరిచేసే పరికరంలోనో) సబ్‌సోనిక్ ఫిల్టర్‌ను ట్యూనింగ్‌కు కొంచెం కింద పెట్టండి. 20 హెర్ట్జ్ బాక్స్‌కు 17 లేదా 18, ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 24 డెసిబెల్స్ వాలుతో. ట్యూనింగ్ కింద పోర్టెడ్ బాక్స్ అదే వాలుతో పడిపోతుంది కాబట్టి ఫిల్టర్ వల్ల మీరు పోగొట్టుకునేది స్వల్పం.

లక్షణం: బేస్‌లో లోతు లేదు, పోర్ట్‌లో బలం లేదు

లీక్ వెతకండి. 25, 30 హెర్ట్జ్ టోన్ మోగిస్తూ అతుకుల వెంట, డ్రైవర్ గాస్కెట్ చుట్టూ, టెర్మినల్ ప్లేట్ దగ్గర పల్చని టిష్యూ పేపర్ ముక్క పట్టుకుని తిప్పండి. ఎక్కడ వణికితే అక్కడ సీలెంట్ పెట్టండి. టెర్మినల్ ప్లేటే ఎక్కువగా దొంగ. లోపల దూది కుక్కేసి ఉంటే తీసేయండి. గోడలకు పల్చగా అంటిస్తే చాలు, పోర్ట్ చివరకు ఏదీ అడ్డుండకూడదు.

లక్షణం: పోర్ట్‌లోంచి డొల్ల గొంతు వినిపిస్తోంది

పొడవైన పైపు తన సొంత స్వరం పలుకుతుంది. 120 సెం.మీ. పైపుకు అది సుమారు 140 హెర్ట్జ్, 52 సెం.మీ. దానికి 330. క్రాసోవర్‌ను (సబ్‌కు ఏ ఫ్రీక్వెన్సీ దాకా పంపాలో నిర్ణయించే సెట్టింగ్‌ను) 80 హెర్ట్జ్‌కు దించితే చాలావరకు మాయమవుతుంది.

లక్షణం: సబ్ విడిగా బాగుంది, స్పీకర్లతో కలిస్తే బేస్ పల్చబడుతోంది

80 హెర్ట్జ్ అల పొడవు 4.3 మీటర్లు. మీ దాకా ఉన్న దూరంలో స్పీకర్లకూ సబ్‌కూ మధ్య అందులో సగం తేడా పడితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. కూర్చునే చోట ఉండి 80 హెర్ట్జ్ టోన్ మోగిస్తూ సబ్ మీది ఫేజ్ స్విచ్ (అలను తిరగేసే మీట) తిప్పండి, గట్టిగా వినిపించిన వైపు ఉంచండి. తర్వాత రిసీవర్‌లో సబ్ దూరాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ మళ్లీ వినండి.